లచ్చికి బాలింత పథ్యం

మైపాడు పాళెంలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ముందు కబురు అందేది మేనమామకు కాదు, కామమ్మకు. బాలింతకు సొర పిట్టు చెయ్యడంలో ఆమెను మించిన మనిషి ఆ తీరం మీద లేదని అందరూ అంటారు. అందరికంటే గట్టిగా కామమ్మే అంటుంది. పాల సొర చేపను పసుపు నీళ్లలో ఉడికించాలి. తోలు వలిచి, నీళ్లు పిండి, వేళ్లతో పొడిపొడిగా నలపాలి. ఆ మీద సన్నగా తరిగిన ఉల్లిపాయలు, గుప్పెళ్ల కొద్దీ వెల్లుల్లి, పాళెం మాటలో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, వేసి నూనెలో సన్నసెగ మీద వేయించాలి. ఆ వాసనకే తల్లికి పాలు పడతాయని ఆమె నమ్మకం.

పాళెంలో ఒక పద్ధతి ఉంది. ఊళ్లో పచ్చి బాలింత ఉన్నన్నాళ్లు ఏ బోటు వలలో పాల సొర పడినా దాన్ని వేలం పాటకు పెట్టరు. నేరుగా ఆ ఇంటికి పంపిస్తారు. పంపిన చేప కామమ్మ చేతిలో పడకపోతే ఆ పంపడం దండగని కూడా అనుకుంటారు. ముప్పై ఏళ్లలో ఆమె ఎందరు తల్లులకు వండి పెట్టిందో లెక్క లేదు. ఒక్కరు కూడా పాలు చాలలేదని అనలేదు. అనే ధైర్యం ఎవరికైనా ఉండేదా అన్నది వేరే సంగతి.

అలాంటి కామమ్మ ఇంట్లో ఈ ఏడాది ఒకేసారి ఇద్దరు బాలింతలయ్యారు. మొదటిది కూతురు రోజా. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే అల్లుడు కిషోర్ ఆమెను ఏడో నెలలోనే పుట్టింట దింపి వెళ్లాడు. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు పదో రోజు రాకముందే, పెరట్లో పాత వలలు పోగేసిన రేకుల షెడ్డులో లచ్చి నాలుగు కూనల్ని పెట్టింది.

లచ్చి ఇసుక రంగు కుక్క. ఒక చెవి నిక్కి ఉంటుంది, ఇంకోటి వాలి ఉంటుంది. జాతి కుక్క కాదు, ఏమీ కాదు. పాళెంలో పుట్టి పాళెంలో పెరిగింది. కానీ రోజాకు అది ప్రాణం. దానికి కారణం లచ్చి తల్లి రంగి.

నాలుగేళ్ల కిందట, రోజాకు ఇంకా పెళ్లి కాకముందు, రంగి ఇదే షెడ్డులో పిల్లల్ని పెట్టింది. పదిరోజులు పోయాక రోజా దాన్ని సముద్రానికి తీసుకుపోయింది. రంగికి అలలంటే పిచ్చి. ఆ పొద్దంతా నీళ్లలో ఎగిరి దూకి ఇంటికి వచ్చింది. వారం తిరక్కుండా నీరసపడి, తిండి మానేసి, ఒక తెల్లవారుజామున వలల మీదే కన్ను మూసింది. దాని పిల్లల్లో లచ్చి ఒక్కటే బతికింది. ఆ రోజు కామమ్మ నోటికి హద్దు లేకపోయింది. "పచ్చి బాలింతను సముద్రంలో దించినావు. చేజేతులా చంపుకున్నావు పో" అని కూతుర్ని అన్నది.

అన్నది ఒక్కసారే. మర్నాటికి ఆమె మరిచిపోయింది కూడా. రోజా మాత్రం ఆ తరువాత ఏ కుక్కతోనూ అలల దగ్గరకు పోలేదు.

అందుకే లచ్చి కూనల్ని పెట్టిన రోజు రోజా గడపలో నిలబడి, చేతుల్లో బిడ్డతో, తల్లిని బతిమాలింది. "అమ్మా, దీన్ని గడప దాటనీబాక. దాని తల్లి మాదిరి ఇది కూడా పోతే నేను తట్టుకోలేను."

"నేనుండాను గదా అమ్మణ్ణీ," అన్నది కామమ్మ. "దీన్ని బతికించి నీ చేతిలో పెట్టే పూచీ నాది. నీకేం పథ్యమో దానికీ అదే పథ్యం."

చెప్పినట్టే చేసింది. ఒకటే దబర గిన్నె, ఒకటే పిట్టు. సగం కూతురి కంచంలోకి, సగం లచ్చి సత్తు పళ్లెంలోకి. మొగుడు గంగులయ్య చేపలు దించి వచ్చి ఈ చోద్యం చూశాడు. "పాల సొరను కుక్కకు పెడతావంటే. బోటోళ్లు వింటే నవ్వుతారు" అన్నాడు. "నీ కూతురికి ఒకటే బిడ్డ. దీనికి నలుగురు. నవ్వేవాళ్లను వచ్చి పాలిచ్చి పొమ్మను" అని కామమ్మ గరిటె తిప్పింది. గంగులయ్య వల బాగుచేసుకునే నెపంతో బయటికి పోయాడు. ఆ ఇంట్లో వాదనలు సాధారణంగా అలాగే ముగుస్తాయి.

రోజా చేతిలో ఫోనుండి ఉంటే కుక్కకు ఏం పెట్టాలో అందులో వెతికి చూసేది, ఈ కథ మొదటిరోజే తెమిలిపోయేదేమో. కానీ బాలింత కళ్లకు ఫోను వెలుతురు మంచిది కాదని కామమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఆమె మొలలో ఉంది.

మొదటి నాలుగు రోజులు లచ్చి పళ్లేన్ని నాకి నాకి తళతళలాడించింది. ఆరో రోజు సగం వదిలేసింది. కామమ్మ దాని ముఖం చూసి, పాలు సరిగ్గా పడక బలం చాలడం లేదని తేల్చి, మర్నాడు పిట్టులో ఇంకో వెల్లుల్లిగడ్డ వలిచి వేసింది. ఎనిమిదో రోజు లచ్చి లేచి నిలబడితే కాళ్లు వణికాయి. కామమ్మ ఉల్లిపాయలు కూడా పెంచింది. తొమ్మిదో రోజు అది లేవనే లేదు. కూనలు రొమ్ములు పట్టుకుని లాగి లాగి, ఏమీ రాక కుయ్యోమన్నాయి. గోడవారన అది పోసిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది.

రోజా దాని పక్కన చతికిలబడి వీపు నిమిరింది. "నేను యాడికీ తీసుకుపోలేదు మా," అన్నది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. అయినా రెండుసార్లు అన్నది. "ఈ సారి నీళ్ల ముఖమే చూడలేదు ఇది."

కామమ్మ లేచింది. కొంగు నడుముకు చుట్టి, ఆటో మదారును పిలుచుకొచ్చింది. మదార్ రోజూ ఆడవాళ్లను చేపల గంపలతో సహా నెల్లూరు మార్కెట్టుకు చేర్చే మనిషి. అతను లచ్చిని పాత దుప్పటిలో ఎత్తి వెనక సీటు మీద పడుకోబెట్టాడు. కూనలు నాలుగూ చీర పరిచిన చేపల గంపలో ఎక్కాయి. బాలింత వాకిలి దాటకూడదు కాబట్టి రోజా వాకిట్లోనే ఆగిపోయింది.

"భయపడబాక అక్కా," అన్నాడు మదార్ ఆటో తిప్పుతూ. "మండలంలో పశువుల ఆస్పత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చుండాది. మా వాళ్ల మేకను బతికించినాది."

ఆ డాక్టరమ్మ పేరు షాహనా. ముప్పై ఏళ్లుంటాయేమో. నెల్లూరు టౌను మనిషి, మాట మెత్తన. లచ్చిని బల్ల మీద పెట్టించి, ముందు దాని పైపెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. గుండె విన్నది, కడుపు నొక్కింది, చెవుల్లో పిడుదులున్నాయేమో వెతికింది. ఒక చుక్క రక్తం తీసి గాజుపలక మీద పూసి లోపలికి వెళ్లి చూసుకుని వచ్చింది. తరువాత చీటీ ముందు పెట్టుకుని, "ఏం పెడతా ఉండారమ్మా దీనికి?" అని అడిగింది.

ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు కామమ్మ నడుము నిటారు చేసింది. ఇంకేం అడిగినా తడబడేదేమో గాని, తిండి దగ్గర ఆమెను పట్టుకోగలిగేవాళ్లు లేరు.

"తిండికి లోటు చెయ్యలేదు డాక్టరమ్మా. నా కూతురికి పెట్టిందే దీనికీ పెట్టినా. పాల సొర పిట్టు. కారం లేదు. మంచి నూనె. పూటకు రెండు ఎర్రగడ్డలు సన్నంగా తరిగి, తెల్లగడ్డలు మాత్రం ధారాళంగా. దీని వాటాకే రెండు గడ్డలు. బాగలేదని మొన్నటి నుంచి మూడు చేసినా."

షాహనా రాయడం ఆపింది. తల ఎత్తి కామమ్మ వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదే కామమ్మను ఎక్కువ భయపెట్టింది.

"ఎన్ని రోజుల నుంచమ్మా?"

"తొమ్మిది రోజులు."

"అమ్మా, కూర్చోండి ముందు," అన్నది షాహనా, స్టూలు జరిపి. "తెల్లగడ్డ, ఎర్రగడ్డ మనకు మంచివే. కుక్కకు పడవు. దాని రక్తంలో ఎర్ర కణాలుంటాయి గదా, వాటిని విరగ్గొట్టేస్తాయి. ఒక పూట కాస్త తింటే తెలీకపోవచ్చు. దినామూ తింటే కొంచెం కొంచెంగా రక్తం ఖాళీ అయిపోతుంది. మూత్రం ఆ రంగులో వచ్చిందీ అందుకే. పచ్చిదైనా, ఉడకబెట్టినా, వేయించినా, పొడి చేసినా అంతే."

"నేను ముప్పై ఏళ్లుగా పెడతుండా," అన్నది కామమ్మ. "ఒక్క బాలింతకు కూడా ఏమీ కాలేదే."

"వాళ్లు మనుషులమ్మా."

 గదిలో ఫ్యాను తిరుగుతోంది. గంపలో ఒక కూన మరో కూన మీదకెక్కి జారిపడుతోంది. కామమ్మ లచ్చి ముందుకాలు పట్టుకుంది. తరువాత ఆమె ఎత్తిన మాట లచ్చి గురించి కాదు.

"దీని తల్లి నాలుగేళ్ల కింద పోయింది డాక్టరమ్మా. పిల్లలు పెట్టిన పద్దెనిమిదో రోజు. ఇట్నే నీరసపడింది. మూత్రం ఇట్నే ఉండింది. చిగుళ్లు నేను చూడలా."

"దానికీ పిట్టే పెట్టినారా?"

కామమ్మ తల ఊపింది. "నా కూతురు దాన్ని సముద్రంలో ఈతకు తీసుకుపోయింది. అందువల్లే పోయిందనుకున్నాం."

 "చూడని కుక్క గురించి ఇదే జరిగిందని రాసివ్వలేను," అన్నది షాహనా. "కానీ ఒక పూట సముద్రంలో ఆడినంత మాత్రాన కుక్కకు మూత్రం ఈ రంగులోకి మారదమ్మా."

కామమ్మకు కన్నీళ్లు రాలేదు.  ముప్పై ఏళ్ల పేరు ఒక్క నిమిషంలో పోయిందని కాదు ఆమె బాధ. అంత తీరిక కూడా ఆమెకు లేదు. కూతుర్ని అన్న మాట, మరిచిపోయిన మాట, అక్షరం పొల్లుపోకుండా చెవిలో వినిపించింది.

లచ్చికి సెలైను ఎక్కింది. రెండు సూదులు పడ్డాయి. షాహనా చేతులు కడుక్కుంటూ విషయం తేల్చి చెప్పింది. ఒంటికి మళ్లీ కొత్త రక్తం పట్టడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అందాకా అది తింటూ ఉండాలి. రెండు రోజుల్లో ముద్ద ముట్టకపోయినా, ఆయాసం వచ్చినా, నెల్లూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయి రక్తం ఎక్కించాలి; అంతదూరం తట్టుకుంటుందో లేదో చెప్పలేం. కూనలకు తల్లి పాలతోపాటు కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టాలి.

"ఏం పెట్టాలి మరి?" అన్నది కామమ్మ. జన్మలో ఆ ప్రశ్న ఇంకొకరిని అడగడం అదే మొదటిసారి.

"మెత్తగా అన్నం. ముళ్లు ఏరేసిన చేప, ఉత్త నీళ్లలో ఉడకబెట్టింది. ఉడికిన కోడిగుడ్డు. గుమ్మడికాయ ముక్క ఉడికించి కలపొచ్చు. ఉప్పొద్దు, కారమొద్దు, తాలింపొద్దు. సొర కూడా మానేసి చిన్న చేపలు పెట్టండి."

"ఎండు చేపలు?"

"ఉప్పు చేపలమ్మా అవి. వద్దు."

"పులుసు అన్నం, పైపైన?"

"అందులో ఎర్రగడ్డ లేకుండా మీరు పులుసు పెడతారా?"

"పెట్టను," అని ఒప్పుకుంది కామమ్మ. "ఉడికిన చేప ముల్లు మెత్తగానే ఉంటుంది గదా, నమలనీ..."

"గొంతులో గుచ్చుకుంటుంది. ఏరాల్సిందే. టీ బిస్కెట్లు, ద్రాక్షపండ్లు, చాక్లెట్లు కూడా పెట్టబాకండి. పిల్లలు ముద్దుగా పెడతా ఉంటారు."

మదార్ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. "మా ఇంట్లో కుక్కకు బిర్యానీలో మిగిలింది వేస్తామే" అని గొణిగాడు. షాహనా అతని వైపు కూడా ఒక చూపు చూసింది. అతను ఆటో దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ఇంటికి రాగానే రోజా ఎదురొచ్చింది. "ఏమన్నాది మా?"

"రక్తం తగ్గిపోయిందంట. చప్పిడి కూడు పెట్టమన్నాది. సూదులేసింది." కామమ్మ గంప దించి కూనల్ని సర్దుతూ ముఖం తిప్పుకుంది. "ఈ పొద్దు నుంచి పిట్టు దానికి లేదు. నీకే."

"రక్తం ఎందుకు తగ్గిందంట?"

"పిల్లలు తాగేస్తుండాయి గదా," అన్నది కామమ్మ.

రోజా నమ్మింది. లచ్చి పక్కన కూర్చుని, "సముద్రానికి పోకుండానే ఇట్టయింది. పోయుంటే ఇంకేమయ్యేదో" అన్నది. కామమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

చెప్పాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆటోలో వస్తూనే నిర్ణయించుకుంది. కానీ పచ్చి బాలింత ఏడవకూడదు, ఏడిస్తే పాలు విరుగుతాయి. కాబట్టి నెల దాటాక చెప్పడమే మేలని పొయ్యి అంటించేలోపు ఇంకో నిర్ణయానికి వచ్చింది. తన శాస్త్రం తప్పని ఆ రోజే తెలుసుకున్న మనిషికి, ఆ శాస్త్రంలోంచే ఇంత అనువైన సాకు దొరకడం విశేషమే.

వంట మొదలుపెడితే అసలు కష్టం తెలిసింది. పొయ్యి మీద గిన్నె పెట్టగానే ఆమె చెయ్యి తనంతట తాను వెల్లుల్లి బుట్ట వైపు పోతుంది. వెనక్కి తీసుకుంటే ఉప్పు డబ్బా వైపు పోతుంది. చివరికి రెండూ తీసి అటక మీద పెట్టింది. అన్నం మెత్తగా వండి, చేపను ఉత్త నీళ్లలో ఉడికించి, ముళ్లు ఒక్కొక్కటే వేలితో తడిమి ఏరి, గుడ్డు చిదిమి కలిపింది. రంగు లేదు, వాసన లేదు. ఇలాంటిది తన చేతి మీదుగా బయటికి పోవడం ఆమెకే చిన్నతనంగా తోచింది.

లచ్చి వాసన చూసి తల తిప్పుకుంది.

సాయంత్రం మళ్లీ పెట్టింది. ముట్టలేదు. పొద్దున కొత్తగా వండి పెట్టింది. పెదవికి రాస్తే నాలుకతో తుడిచేసి కళ్లు మూసుకుంది. తొమ్మిది రోజులు కామమ్మ చేతి రుచి మరిగిన కుక్క అది. ఇప్పుడు చప్పిడి కూడు తినమంటే తినేనా? ఆస్పత్రికి తీసుకుపోతే మళ్లీ సెలైను ఎక్కించి, "ఈ పొద్దు ఏమైనా కడుపులో పడాలమ్మా. లేకపోతే రేపు నెల్లూరే" అన్నది షాహనా. లచ్చి ఊపిరి పొట్టలో పైపైన ఆడుతోంది. మదార్ టౌను నుంచి పాలపొడి తెచ్చిచ్చాడు. రోజా బిడ్డను ఒక మోకాలి మీద, కూనను ఒక మోకాలి మీద పెట్టుకుని సీసా పట్టింది. రెండింటికీ మార్చి మార్చి జోల పాడుతూ మధ్య మధ్యలో లచ్చి వైపు చూస్తోంది. ఆ చూపు కామమ్మ చూడలేకపోయింది.

మధ్యాహ్నం మూడింటప్పుడు కామమ్మకు కళ్లు తిరిగాయి. నిన్నటి నుంచి తానేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. లేచి వంటింట్లోకి పోయే ఓపిక లేదు. ఎదురుగా లచ్చి ముట్టని గిన్నె ఉంది. దాన్నే దగ్గరికి లాక్కుని, షెడ్డులో వలల మీద చతికిలబడి, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

అంత రుచి లేని తిండి ఆమె పుట్టి ఎరగదు. మింగడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది. రెండో ముద్ద తిన్నది. ఈ పాపం తనది, ఈ కూడు తాను తినదగిందేననుకుంటూ మూడోది తిన్నది. నాలుగో ముద్ద ఎత్తేసరికి లచ్చి కళ్లు తెరిచి ఆమె చేతినే చూస్తోంది. పళ్లెంలో పెడితే వాసన చూసి వదిలేసిన కూడే అది. ఇప్పుడు అమ్మ తింటోంది. అమ్మ తింటోందంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. కుక్కలకు ఆ మాత్రం అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

కామమ్మ అరచెయ్యి చాపింది. లచ్చి మెడ సాచి ఒకసారి నాకింది. ఆగింది. మళ్లీ నాకింది. ముద్దంతా పోయాక అరచేతి గీతల్లో మెతుకులు కూడా ఏరుకుంది. "తిను తల్లీ, తిను" అంటూ కామమ్మ గుక్కపట్టి ఏడ్చింది. ఆసుపత్రిలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. లచ్చి ఆ పూట ఐదు ముద్దలు తిన్నది. కామమ్మ కూడా ఐదు తిన్నది.

ఆ రోజు నుంచి ఇద్దరిదీ ఒకటే గిన్నె. ఆమె ఒక ముద్ద తింటేనే అది ఒక ముద్ద తింటుంది. ఆమె ఆపితే అదీ ఆపుతుంది. పాళెమంతటికీ చేపల పులుసు నేర్పిన కామమ్మ, ఉప్పు లేని అన్నం పూటపూటా షెడ్డులో కూర్చుని తినడం చూసి గంగులయ్య, "నీకేం పథ్యమే?" అని అడిగాడు. ఆమె జవాబివ్వలేదు. గరిటె కూడా ఎత్తలేదు. అప్పుడతనికి ఇది మామూలు వ్యవహారం కాదని అర్థమై, మర్నాటి నుంచి సన్న చేపల్లో మంచివి ఏరి, ఏమీ మాట్లాడకుండా గడపలో పెట్టి పోవసాగాడు.

నాలుగో రోజుకు లచ్చి లేచి కూర్చుంది. వారానికి మూత్రం రంగు తేటపడింది. పన్నెండో రోజు షాహనా దాని పెదవి ఎత్తి, "రండమ్మా, మీరే చూడండి" అని కామమ్మను దగ్గరికి పిలిచింది. చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. కామమ్మ వేలితో నొక్కి చూసింది. తెల్లబడి, మళ్లీ ఆ రంగు వచ్చింది. ఆమె మరోసారి నొక్కింది. షాహనా నవ్వి, "చాలమ్మా, నొప్పి పుడుతుంది" అన్నది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. లచ్చి ఆటోలోంచి తానే దూకి షెడ్డులోకి పరుగెత్తింది. నాలుగు కూనలూ దాని మీద పడ్డాయి. రోజా చాప మీద బిడ్డను పడుకోబెట్టి, లచ్చి మెడ కౌగిలించుకుని, దాని వాలిన చెవిలో ఏదో చెప్పింది. కామమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి గడపలో కూర్చుంది.

"దీన్నింక ఎప్పటికీ సముద్రం పక్కకు పోనీను మా," అన్నది రోజా. ముఖంలో నవ్వుంది. "దాని తల్లిని నేను చేసినట్టు దీన్ని చెయ్యను."

నెల దాటడానికి ఇంకా మూడు రోజులున్నాయి. పాలు విరగడం గురించి కామమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. కానీ ఆ నవ్వు చూశాక ఆ సాకు నోటిదాకా కూడా రాలేదు.

"నువ్వు కాదే దాన్ని చంపింది," అన్నది. "నేను."

రోజా అర్థం కాక చూసింది. కామమ్మ చెప్పింది. పిట్టులో తెల్లగడ్డ గురించి, డాక్టరమ్మ గాజుపలక గురించి, రంగికి కూడా అదే దబరలోంచి రోజూ పెట్టిన సంగతి, సముద్రంలో ఆడితే మూత్రం రంగు మారదని ఆమె అన్న సంగతి. ఏదీ తగ్గించలేదు. "తెలీక చేసినా. అది తెలీక చేసిందే. కానీ నిన్నన్న మాట మాత్రం తెలిసే అన్నా. పన్నెండు రోజులుగా చెప్పాలనుకుంటుండా, నోరు రాలా. నన్ను తిట్టు అమ్మణ్ణీ. ఎంత మాట తోస్తే అంత మాట అను."

 రోజా చెయ్యి లచ్చి మెడ మీదే ఉంది. ఇసుక వైపు, ఇళ్ల సందులోంచి కనిపించే నీటి వైపు చూసింది. తిడుతుందని కామమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"ఆ పొద్దు ఎన్ని మాట్లు అలల్లో దూకిందో మా, రంగి," అన్నది రోజా చివరికి.  "నేను పిలిచినా రాలేదు. ఒడ్డుకు వచ్చి ఒళ్లు దులుపుకోవడం, నా మీద నీళ్లు చల్లడం, మళ్లీ పరిగెత్తడం. అంత సంతోషంగా దాన్ని నేను ఎప్పుడూ చూడలా. నాలుగేళ్లుగా ఆ పొద్దు గుర్తొస్తే లేచి ఇంకేదో పని చేసుకుంటుండా. తల్చుకోనే లేదు."

కామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు తల్చుకోవచ్చు గదా," అన్నది రోజా.

"తల్చుకో తల్లీ," అన్నది కామమ్మ. "నాకూ చెప్పు."

రోజా చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఎన్నింటికి బయలుదేరిందీ, దారిలో రంగి ఎవరి బోటెక్కి కూర్చుందీ, మొదటి అల వచ్చినప్పుడు ఎట్లా మొరిగిందీ, ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, మధ్యలో ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ చెప్పింది. వంటింట్లోంచి అన్నం మాడు వాసన వచ్చింది. కామమ్మ లేవలేదు. చివరిదాకా విన్నది.